కొలిమి దేశాలు దాటిన తీరు

1959లో మన దేశంలో మూడు ప్రభుత్వ ఉక్కు కర్మాగారాలు ఒకదాని వెంట ఒకటి పని మొదలుపెట్టాయి. అప్పటి మధ్యప్రదేశ్‌లో భిలాయ్, ఒడిశాలో రూర్కెలా, పశ్చిమ బెంగాల్‌లో దుర్గాపూర్. మూడూ రెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో కట్టినవే. మూడింటికీ ప్రభుత్వమే యజమాని. మూడింటి సామర్థ్యమూ మొదట ఏడాదికి పది లక్షల టన్నులే. ఉక్కు చేసే పద్ధతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం దారులు వేరయ్యాయి. సోవియట్ సాయంతో కట్టిన భిలాయ్‌లోనూ, బ్రిటిష్ కంపెనీలు కట్టిన దుర్గాపూర్‌లోనూ ఓపెన్ హార్త్ కొలుములు పెట్టారు. పశ్చిమ జర్మనీ కంపెనీలు కట్టిన రూర్కెలాలో వాటితో పాటు, ప్రపంచానికే కొత్తవైన ఎల్.డి. కన్వర్టర్లు పెట్టారు. ఓపెన్ హార్త్‌లో ఒక విడత ఉక్కు తయారవడానికి ఎనిమిది నుంచి పది గంటలు పట్టేది. కన్వర్టర్‌లో అదే పని ముప్పావు గంటలో అయిపోతుంది.

ఒకే దేశం, ఒకే ఖజానా, ఒకే కాలం. అయినా ఒకచోటికి కొత్త పద్ధతి, రెండు చోట్లకు పాత పద్ధతి వచ్చాయి. కారణం వెతికితే అది ఢిల్లీలో కన్నా ఆ కర్మాగారాలను కట్టడానికి వచ్చినవాళ్ల అనుభవంలో ఎక్కువగా దొరుకుతుంది. బ్రిటన్‌లోనూ సోవియట్ యూనియన్‌లోనూ ఆనాటి ఉక్కు ఇంజనీర్లు ఓపెన్ హార్త్‌తో పెరిగినవాళ్లు. తమకు చేతనైనదాన్నే తెచ్చి ఇచ్చారు. జర్మన్లకు మాత్రం కొత్త పద్ధతి పుట్టిన ఆస్ట్రియా పొరుగు దేశం. భాష ఒకటే, పరిశోధకుల మధ్య రాకపోకలు ఎప్పటినుంచో ఉన్నాయి.

సాంకేతికత దేశాలు దాటడం అనగానే మనకు కనిపెట్టినవాళ్ల పేర్లే గుర్తొస్తాయి. తీసుకున్నవాళ్లు డబ్బిచ్చి సరుకు కొన్నవాళ్లలాగే కనబడతారు. ఈ చూపు సరైనది కాదని నా నమ్మకం. ఒక పద్ధతిని పరాయి దేశం నుంచి తెచ్చుకుని, తమ ఖనిజంతో, తమ బొగ్గుతో, తమ మనుషులతో నడిపించడానికి దాన్ని కనిపెట్టినంత తెలివీ ఓర్పూ కావాలి. ఎల్.డి. కన్వర్టర్ ప్రయాణం దీనికి మంచి సాక్ష్యం. 1952లో ఆస్ట్రియాలో ఒక ఊళ్లో మొదలై, పాతికేళ్లలో ప్రపంచంలోని ఉక్కు పరిశ్రమ ఆకారాన్నే మార్చేసింది. ఎవరు ముందు అందుకున్నారు, ఎవరు వెనకబడ్డారు అన్నది చూస్తే, మనం సహజంగా అనుకునేదానికి దాదాపు తలకిందులుగా జరిగింది.

గాలిలో ఉన్న చిక్కు

ముందు కొలిమిలోకి చూద్దాం. ఖనిజం నుంచి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే ద్రవ ఇనుములో నూటికి సుమారు నాలుగు పాళ్లు కర్బనం ఉంటుంది. దానితో పాటు కొంత సిలికాన్, మాంగనీస్, భాస్వరం, గంధకం. అలాగే చల్లార్చితే పెళుసుగా ఉంటుంది, సుత్తి దెబ్బకు పగిలిపోతుంది. ఉక్కు కావాలంటే కర్బనాన్ని చాలావరకు మండించి పంపేయాలి, భాస్వరాన్ని కూడా వదిలించుకోవాలి.

1856లో ఇంగ్లండులో హెన్రీ బెస్సెమర్ ఒక సాహసం చేశాడు. కరిగిన ఇనుము అడుగు నుంచి గాలి ఊదాడు. గాలి తగిలితే ఇనుము చల్లారిపోతుందని అందరూ అనుకున్నారు. అలా జరగలేదు. గాలిలోని ఆక్సిజన్ తగిలి సిలికాన్, కర్బనం మండాయి. ఆ మంట వేడికే ఇనుము ఇంకా వేడెక్కింది. బయటి నుంచి ఇంధనం అక్కర్లేకుండానే నిమిషాల్లో ఉక్కు తయారైంది. చిక్కల్లా గాలితోనే వచ్చింది. గాలిలో ఆక్సిజన్ అయిదో వంతు, మిగిలినదంతా దాదాపు నత్రజని. ఆ నత్రజని మండకపోగా వేడిని తనతో మోసుకుపోతుంది. అందులో కొంత ఉక్కులో కరిగి ఉండిపోతుంది. అలాంటి ఉక్కు కాలం గడిచేకొద్దీ గట్టిపడి పెళుసవుతుంది. పట్టాలకు సరే, వంచి లాగి చేసే రేకులకు పనికిరాదు. గాలి బదులు స్వచ్ఛమైన ఆక్సిజన్ వాడవచ్చన్న ఆలోచన బెస్సెమర్‌కే వచ్చింది. ఆనాడు టన్నుల లెక్కన ఆక్సిజన్ తీసే దారి ఎక్కడా లేదు.

ఆ ఖాళీలో ఓపెన్ హార్త్ పెరిగింది. వెడల్పైన తొట్టిలాంటి కొలిమిలో ఇనుమునూ ఇనప తుక్కునూ పోసి, పైనుంచి మంటతో గంటల తరబడి కాచే పద్ధతి అది. నిదానమైనదే, ఇంధనమూ తింటుంది. కానీ ఉక్కు నాణ్యంగా వస్తుంది, ఎంత తుక్కైనా అరాయించుకుంటుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా ఉక్కు ప్రపంచం దానిదే.

ఆక్సిజన్ సమస్య తీరింది ఉక్కు పరిశ్రమలో కాదు, చల్లదనం యంత్రాలు చేసే చోట. 1895లో కార్ల్ ఫాన్ లిండే గాలిని ద్రవంగా మార్చాడు. 1902 నాటికి ఆ ద్రవం నుంచి ఆక్సిజన్‌ను వేరు చేశాడు. తర్వాతి పాతికేళ్లలో టన్నుల కొద్దీ ఆక్సిజన్ చవకగా తీసే ప్లాంట్లు వచ్చాయి. ఒక పరిశ్రమలో తొంభై ఏళ్లు ఆగిన ఆలోచనకు తాళంచెవి ఇంకో పరిశ్రమలో తయారైందన్నమాట. సాంకేతికత దేశాల సరిహద్దులు దాటడానికి ముందు ఇలా పరిశ్రమల సరిహద్దులు దాటాల్సి వస్తుంది. చాలాసార్లు అదే కష్టమైన దాటుడు.

బెర్లిన్‌లో లోహశాస్త్రం బోధించిన రాబర్ట్ డ్యురర్ అనే స్విస్ ఆచార్యుడు యుద్ధకాలంలో స్వదేశానికి తిరిగివచ్చాడు. 1948లో గెర్లాఫింగెన్ అనే చోట రెండున్నర టన్నుల చిన్న కన్వర్టర్‌లో పైనుంచి ఆక్సిజన్ ఊది ఉక్కు చేసి చూపించాడు. ఆ సంగతి తెలుసుకుని ఆస్ట్రియాలో లింజ్ నగరంలోని ఫోయెస్ట్ కంపెనీ 1949లో తన ప్రయోగాలు మొదలుపెట్టింది. థియోడర్ స్యూస్ బృందం మొదట ఆక్సిజన్ ధార ఇనుములోకి బాగా లోతుగా దిగాలని ప్రయత్నించింది. కొలిమి అడుగు తినేసింది, ఆక్సిజన్ గొట్టం మూతి కరిగిపోయింది. తర్వాత గొట్టాన్ని, అంటే లాన్స్‌ను, పైకి జరిపి ఒత్తిడి తగ్గించి చూశారు. అప్పుడు కుదిరింది. ధార తగిలిన చోట పుట్టే వేడి, ఎగసే కార్బన్ మోనాక్సైడ్ బుడగలు కలిసి ఇనుమునూ దాని మీద తేలే చిట్టేన్నీ నురగలా కలియబెట్టాయి. చిట్టెంలోని సున్నం భాస్వరాన్ని పట్టేసింది. నత్రజని లేదు కాబట్టి ఉక్కు ఓపెన్ హార్త్ ఉక్కుతో సమానంగా వచ్చింది. 1952 నవంబర్ 27న లింజ్‌లో పూర్తిస్థాయి ప్లాంటు మొదలైంది. మరుసటి ఏడాది డోనవిట్జ్‌లో రెండోది. ఆ రెండు ఊళ్ల తొలి అక్షరాలే ఎల్.డి.

ఇది ఆస్ట్రియాలోనే ఎందుకు జరిగింది? ఆ దేశం యుద్ధంలో చితికిపోయింది. ఓపెన్ హార్త్‌కు కావలసిన తుక్కు దొరకదు. కొత్త కొలుములకు ధారాళంగా పెట్టే డబ్బూ లేదు. కొత్తగా జాతీయం చేసిన ఫోయెస్ట్‌కు రేకుల ఉక్కు చవకగా చేసే దారి అత్యవసరం. లేమి తెలివిని పుట్టిస్తుందని నేను అనను. లేమిలో మగ్గిపోయిన దేశాలే ఎక్కువ. కానీ ఆస్ట్రియాలో లేమితో పాటు చదువుకున్న లోహశాస్త్రజ్ఞులూ, నడుస్తున్న కర్మాగారమూ, కొండంత ఇనప ఖనిజమూ ఉన్నాయి.

పెద్దవాళ్ల ఆలస్యం

లైసెన్సులు అమ్మడానికి జ్యూరిక్‌లో ఒక కంపెనీ ఏర్పడింది. వార్త వృత్తి పత్రికల్లో వచ్చింది, ప్లాంటు చూడటానికి ఎవరైనా రావచ్చు. రహస్యమంటూ పెద్దగా ఏమీ లేదు. అట్లాంటిక్ అవతల దీన్ని ముందుగా తీసుకున్నది కెనడాలోని హామిల్టన్‌లో ఉన్న డొఫాస్కో. తర్వాత, 1954లోనే, అమెరికాలో మిచిగన్ రాష్ట్రపు మెక్‌లౌత్ స్టీల్. ఈ మెక్‌లౌత్‌కు అమెరికా ఉక్కు సామర్థ్యంలో ఒక శాతం కూడా లేదు. ఆనాడు ప్రపంచంలోకెల్లా పెద్ద ఉక్కు కంపెనీ అయిన యు.ఎస్. స్టీల్, దాని తర్వాతిదైన బెత్లెహెమ్ స్టీల్ 1964 ప్రాంతం దాకా ఆగాయి. ఈ లోపల అమెరికా కంపెనీలు కోట్ల టన్నుల సామర్థ్యమున్న ఓపెన్ హార్త్ కొలుములను కొత్తగా కట్టాయి.

దీనికి ఆర్థికశాస్త్రం ఇచ్చే మొదటి జవాబు సూటిగా ఉంటుంది. పాత కొలిమికి పెట్టిన డబ్బు ఎలాగూ తిరిగిరాదు. కాబట్టి యజమాని పోల్చి చూసుకోవలసింది పాతదాన్ని నడిపే ఖర్చును, కొత్తదాన్ని కట్టి నడిపే మొత్తం ఖర్చుతో. పాతదాని రోజువారీ ఖర్చు కొత్తదాని మొత్తం ఖర్చు కన్నా తక్కువగా ఉన్నంతకాలం పాతదాన్ని నడపడంలో తప్పులేదు. 1960లో సాల్టర్ అనే ఆస్ట్రేలియన్ ఆర్థికవేత్త ఈ వాదాన్ని పుస్తకంగా రాశాడు. అందుకే ఏ పరిశ్రమలో చూసినా కొత్త యంత్రమూ ముత్తాతల నాటి యంత్రమూ పక్కపక్కనే కనబడతాయి. 1961లో ఎడ్విన్ మాన్స్‌ఫీల్డ్ బొగ్గు, ఉక్కు, బీరు, రైల్వే పరిశ్రమల్లో పన్నెండు కొత్త పద్ధతులు ఎంత వేగంగా పాకాయో లెక్కకట్టాడు. లాభం ఎక్కువున్నవి త్వరగా పాకాయి, పెట్టుబడి ఎక్కువ కావలసినవి నిదానించాయి. వాడేవాళ్లు పెరిగేకొద్దీ మిగిలినవాళ్ల భయమూ తగ్గింది.

ఈ లెక్క పాత కొలుములను ఎందుకు ఉంచుకున్నారో చెబుతుంది. కొత్తగా పాత రకం కొలుములనే ఎందుకు కట్టారో చెప్పదు. అమెరికా కంపెనీల పక్షాన చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. లింజ్ కన్వర్టర్ ముప్పై టన్నులది. వాళ్ల కొలుములు రెండు మూడు వందల టన్నులవి. ఇంత పెద్దది కట్టినవాళ్లు అప్పటికి ఎవరూ లేరు. అమెరికాలో తుక్కు పుష్కలం. కన్వర్టర్‌లో పోసే సరుకులో తుక్కు పావు వంతుకు మించితే వేడి చాలదు. పైగా కొరియా యుద్ధపు గిరాకీతో విస్తరణ ప్రణాళికలు లింజ్ ప్లాంటు మొదలవక ముందే ఖరారయ్యాయి. ఇవన్నీ 1954 దాకా ఒప్పుకోదగ్గ కారణాలే. కానీ 1957కల్లా పిట్స్‌బర్గ్‌లోని జోన్స్ అండ్ లాఫ్లిన్ కూడా కన్వర్టర్లు పెట్టేసింది. ఆ తర్వాత కూడా ఆగినవాళ్లను లెక్కలు సమర్థించవు. ఓపెన్ హార్త్‌లో ప్రపంచంలోకెల్లా నిపుణులైనవాళ్లకు అది పోతుందన్న ఊహే రాలేదు. తమ దగ్గర పుట్టని పద్ధతిని చూడటానికి వాళ్లకు తొందరా లేదు. లైసెన్సు హక్కుదారైన కైజర్ కంపెనీకీ మెక్‌లౌత్‌కీ మధ్య పేటెంట్ దావా ఏళ్ల తరబడి నడిచింది. చివరికి అది కైజర్‌కు అనుకూలంగా తేలలేదు.

తీసుకున్నవాళ్లు మార్చినది

జపాన్‌లో జరిగినది వేరు. 1950లో ఆ దేశం చేసిన ఉక్కు అర కోటి టన్నులకు లోపు. తుక్కు చాలావరకు అమెరికా నుంచే కొనాలి. దాని ధర తమ చేతుల్లో ఉండదు. తుక్కు తక్కువ తినే పద్ధతి ఎక్కడ కనబడినా పట్టుకోవడానికి వాళ్లు సిద్ధంగా ఉన్నారు. నిప్పన్ కోకన్, యావాతా అనే రెండు కంపెనీలు ఒకేసారి ఆస్ట్రియా వైపు చూశాయి. ఇద్దరూ పోటీపడితే ధర పెరుగుతుందని అక్కడి వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖ కల్పించుకుంది. లైసెన్సు నిప్పన్ కోకన్ తీసుకోవాలి. మిగిలిన కంపెనీలు దాని దగ్గర ఉప లైసెన్సు తీసుకుని ఖర్చు పంచుకోవాలి. ఇలా 1956లో కుదిరిన ఒప్పందంతో జపాన్ కంపెనీలకు టన్ను మీద పడిన రాయల్టీ అమెరికా కంపెనీలు కట్టినదానితో పోలిస్తే నామమాత్రం. 1957 సెప్టెంబర్‌లో యావాతాలో, 1958 జనవరిలో నిప్పన్ కోకన్ వారి కవాసాకి ప్లాంటులో కన్వర్టర్లు మొదలయ్యాయి.

మంత్రిత్వ శాఖ తెలివి గురించి చాలామంది రాశారు. నాకు అంతకన్నా ముఖ్యంగా కనబడేది ఇంకొకటి. నిప్పన్ కోకన్ 1938 నుంచే కవాసాకిలో థామస్ కన్వర్టర్లు నడిపింది. అవి అడుగు నుంచి గాలి ఊదే పాత రకానివి. జపాన్‌లో అలాంటివి మరెక్కడా లేవు. అంటే, కన్వర్టర్ వంచడం, ఊదడం, లోపలి ఇటుకల అరుగుదల చూసుకోవడం తెలిసిన ఇంజనీర్లూ కార్మికులూ ఆ కంపెనీలో అప్పటికే ఉన్నారు. ఆస్ట్రియన్ల పత్రాలు చదివినప్పుడు వాళ్లకు అక్షరాలతో పాటు కొలిమీ కనబడింది. వెస్లీ కోహెన్, డేనియల్ లెవింతాల్ 1990లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో చెప్పింది ఇదే. బయటి జ్ఞానాన్ని గుర్తించి, జీర్ణించుకుని, వాడుకునే శక్తి ఆ కంపెనీ అప్పటికే సంపాదించుకున్న జ్ఞానం మీద ఆధారపడుతుంది. పరిశోధన మీద పెట్టే ఖర్చు కొత్తవి కనిపెట్టడానికే కాదు, ఇతరులు కనిపెట్టినవి అర్థం కావడానికి కూడా.

పత్రాల్లో రాయలేనిది ఎంతో ఉంటుంది. కన్వర్టర్ మూతి దగ్గర ఎగసే మంటను చూసి, కర్బనం ఎంత మిగిలిందో అనుభవమున్న ఆపరేటర్ చెప్పగలిగేవాడు. కర్బనం తగ్గేకొద్దీ మంట రంగు మారి కిందికి వాలుతుంది. ఆ వాలే క్షణంలో ఆక్సిజన్ ఆపాలి. అరనిమిషం ముందైతే ఉక్కు గట్టిగా ఉంటుంది, ఆలస్యమైతే ఇనుమే మండిపోతుంది. అరిసెల పాకం ఎప్పుడు దించాలో ఎన్ని పుస్తకాలు రాసినా, పక్కన నిలబడి పదిసార్లు చూసినవాళ్లకే పట్టుబడుతుంది. ఇదీ అంతే. అందుకే కంపెనీలు లైసెన్సు ఒప్పందంలో శిక్షణ కూడా రాసుకునేవి. పోయినవాళ్లు నెలల తరబడి కొలిమి ముందు నిలబడి వచ్చేవాళ్లు. సాంకేతికత సరిహద్దులు దాటిన చోటల్లా, ఆ దాటుడులో మనిషి ప్రయాణం ఒకటి దాగి ఉంటుంది.

జపాన్ ఇంజనీర్లు నేర్చుకుని ఊరుకోలేదు. ఒకే రంధ్రమున్న లాన్స్‌తో పెద్ద కన్వర్టర్‌లో లోహం ఎగజిమ్ముతుంటే, అనేక రంధ్రాలున్న లాన్స్‌ను అభివృద్ధి చేశారు. ఆక్సిజన్ పలుచోట్ల పడి, చిమ్మడం తగ్గింది. ఇటుకల మీద పనిచేసి కొలిమి ఆయుష్షు పెంచారు. అనుభవాలను కంపెనీల ఉమ్మడి కమిటీలో పంచుకునేవాళ్లు. అన్నిటికన్నా పెద్ద మార్పు పొగ దగ్గర వచ్చింది. కన్వర్టర్ మూతి నుంచి వచ్చేది చాలావరకు కార్బన్ మోనాక్సైడ్, అంటే మండే వాయువు. అందరూ దాన్ని మూతి దగ్గరే మండనిచ్చి వేడిని వదిలేసేవాళ్లు. దానితో పాటు ఇనప ధూళి ఎర్రటి పొగగా ఊరిమీద పడేది. యావాతా కంపెనీ యోకోయామా అనే ఇంజనీరింగ్ సంస్థతో కలిసి, గాలి చొరబడకుండా మూతిని కప్పి, వాయువును మండకుండానే పట్టి, కడిగి, ఇంధనంగా దాచుకునే ఏర్పాటు చేసింది. 1962లో తొబాతాలో అది నడిచింది. ఓ.జి. పద్ధతి అని దాని పేరు. ఇంధనం దిగుమతి చేసుకునే దేశానికి తోచిన ఆలోచన అది. ఇంధనం దండిగా ఉన్న దేశానికి అంత త్వరగా తోచేది కాదు.

ఆ కప్పుతో మంట చాలావరకు మరుగుపడింది. కంటితో చూసి చెప్పే నేర్పు పక్కకు తప్పుకుంది. వాయువులో ఏముందో కొలిచే పరికరాలు, మధ్యలో కొలిమిలోకి దించి ఉష్ణోగ్రత చూసే చిన్న లాన్సులు, కంప్యూటర్ లెక్కలు దాని స్థానంలోకి వచ్చాయి. 1965 నాటికి జపాన్ ఉక్కులో సగానికి పైగా ఆక్సిజన్ కన్వర్టర్లలో తయారైంది. అమెరికాలో అయిదో వంతు కూడా కాలేదు. 1973కి జపాన్ ఉత్పత్తి దాదాపు 12 కోట్ల టన్నులకు చేరింది. ఓ.జి. లైసెన్సు కొనడానికి అమెరికా, యూరప్ కంపెనీలు జపాన్‌కు వచ్చాయి. జపాన్ తన ఓపెన్ హార్త్ కొలుములను 1977లో పూర్తిగా ఆపేసింది. అమెరికాలో చివరిది 1991లో, యూటా రాష్ట్రంలో ఆగింది.

జపాన్ నుంచి ప్రయాణం ముందుకు సాగింది. దక్షిణ కొరియాలో ఉక్కు కర్మాగారం లాభసాటి కాదని ప్రపంచ బ్యాంకు చేతులెత్తేసింది. జపాన్ ఇచ్చిన పరిహారపు సొమ్ముతో, జపాన్ కంపెనీల సాయంతో పోహాంగ్ ప్లాంటు 1973లో నడిచింది. కొరియన్లు వందల మందిని శిక్షణకు పంపారు. విస్తరణ దశలు గడిచేకొద్దీ విదేశీ నిపుణుల పని తగ్గించుకుంటూ వచ్చారు. 1978లో చైనా షాంఘై దగ్గర బావోషాన్‌లో ప్లాంటు కట్టడానికి జపాన్ కంపెనీ నిప్పన్ స్టీల్‌నే పిలిచింది. అది 1985లో మొదలైంది. లింజ్ నుంచి యావాతాకు, అక్కడి నుంచి పోహాంగ్‌కు, షాంఘైకి వచ్చేసరికి అది ఆస్ట్రియన్లు చేసిన కన్వర్టర్ కాదు. ప్రతి మజిలీలో కొత్త భాగం చేరింది.

రూర్కెలా, విశాఖ

మరి ముందుగా అందుకున్న మన రూర్కెలా? జపాన్‌లో కన్వర్టర్లు మొదలైన రెండేళ్లకే మన దగ్గరా మొదలయ్యాయి. అయినా తొలి సంవత్సరాల్లో రూర్కెలా చాలా అవస్థలు పడింది. పాత పద్ధతి పెట్టుకున్న భిలాయ్ సాఫీగా నడిచి పేరు తెచ్చుకుంది. పద్ధతి మంచిదే. అనేక జర్మన్ కంపెనీలు పనిని ముక్కలుగా పంచుకుని కట్టడంతో మొత్తం ప్లాంటును ఒక్కటిగా నడిపించే అనుభవం ఎవరి చేతికీ పూర్తిగా రాలేదు. భిలాయ్‌లో సోవియట్ నిపుణులు మన ఇంజనీర్ల పక్కనే ఉండి ప్లాంటును నడిపి చూపించారు. కొత్త పద్ధతిని తెచ్చుకోవడమూ, దాన్ని సొంతం చేసుకోవడమూ రెండు వేర్వేరు పనులని రూర్కెలా చెబుతుంది. అక్కడ ఒక మంచి పని మాత్రం వెంటనే జరిగింది. గాలి నుంచి ఆక్సిజన్ తీసేటప్పుడు మిగిలే నత్రజనితో పక్కనే ఎరువుల కర్మాగారం నడిపారు.

డియెగో కోమిన్, బార్ట్ హోబైన్ అనే ఆర్థికవేత్తలు 166 దేశాల్లో 15 సాంకేతికతలు ఎప్పుడు అడుగుపెట్టాయో లెక్కతీశారు. కనిపెట్టాక ఒక దేశానికి చేరడానికి పట్టిన సగటు కాలం 45 ఏళ్లు. కొత్తవాటికి ఈ కాలం తగ్గుతూ వస్తోంది. ఎల్.డి. ఏడేళ్లలో భారతదేశానికి వచ్చింది. ఆ లెక్కన మనం చాలా ముందున్నాం. కానీ కోమిన్ తర్వాతి పరిశోధనలో ఇంకో సంగతి బయటపడింది. చేరే కాలంలో దేశాల మధ్య తేడా తగ్గుతున్నా, చేరాక ఎంత విరివిగా వాడుతున్నారన్న దానిలో తేడా పెరిగింది. మన ఉక్కు కథ సరిగ్గా ఈ రెండో గడిలోకి వస్తుంది. ఎల్.డి. మన గుమ్మంలోకి త్వరగా వచ్చింది. ఇల్లంతా తిరగడానికి దశాబ్దాలు తీసుకుంది.

విశాఖ ఉక్కు కర్మాగారం దీనికి ఇంకో వైపు. 1966లో తెలుగువాళ్లు ప్రాణాలిచ్చి అడిగిన కర్మాగారానికి 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1979లో గాని కుదరలేదు. 1992లో ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. పాతికేళ్ల ఆలస్యం. ఆ ఆలస్యానికి ఉత్తరాంధ్ర చెల్లించిన మూల్యం చిన్నది కాదు, దాన్ని మేలుగా చెప్పడం నాకు ఇష్టం లేదు. అయినా ఆలస్యంగా కట్టడం వల్ల ఒకటి జరిగింది. భిలాయ్‌లో ఓపెన్ హార్త్ పెట్టిన సోవియట్ నిపుణులే బొకారోలో, ఆ తర్వాత విశాఖలో ఎల్.డి. కన్వర్టర్లు పెట్టారు. విశాఖలో ఉక్కునంతా దిమ్మెలుగా పోయకుండా నేరుగా నిరంతర పోతతోనే తీశారు. మన దేశంలో పెద్ద కర్మాగారాల్లో అలా మొదలైన మొదటిది ఇదే.

విశాఖలో చూడవలసినది ఇంకొకటి ఉంది, బొగ్గును కాచి తీసే కోక్‌ను చల్లార్చే చోటు. వెయ్యి డిగ్రీల వేడి మీద బయటికి వచ్చే కోక్ మీద నీళ్లు కొడితే ఆ వేడంతా ఆవిరై ఆకాశానికి పోతుంది. విశాఖలో నీళ్ల బదులు నత్రజనిని కోక్ గుండా తిప్పుతారు. అది వేడిని తెచ్చి బాయిలర్‌కు ఇస్తుంది, దానితో కరెంటు పుడుతుంది. ఈ పద్ధతి ఆలోచన మొదట స్విట్జర్లాండ్‌ది. పెద్ద ఎత్తున నడిపించి చూపింది 1960లలో సోవియట్ ఇంజనీర్లు. 1973 చమురు సంక్షోభం తర్వాత జపాన్ కంపెనీలు ఈ లైసెన్సు కోసం మాస్కోకు వెళ్లాయి. కన్వర్టర్ విషయంలో వెనకబడిన దేశం కోక్ విషయంలో గురువైంది. ఒక దేశాన్ని సాంకేతికంగా ముందున్నదనో వెనకబడినదనో ఒక్క మాటలో తేల్చేయడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది. బెస్సెమర్‌ను ఏడిపించిన నత్రజని కూడా ఇక్కడ పనిమంతురాలైంది. 1990ల మొదట్లో అమెరికాలో దానికి ఇంకో పని దొరికింది. ఉక్కు వంపేశాక మిగిలిన చిట్టెం మీద నత్రజని ఊదితే అది చిమ్మి కొలిమి గోడలకు పూతలా అంటుకుంటుంది. అంతకుముందు వందలు, కొన్ని వేల విడతలకే మార్చవలసిన ఇటుకల పొర ఎన్నో రెట్లు మన్నుతోంది. ఈ పద్ధతి చైనాకూ భారతదేశానికీ కొన్నేళ్లలోనే పాకింది. పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, ఫలితం వారాల్లో కనబడుతుంది. మాన్స్‌ఫీల్డ్ చెప్పిన రెండు షరతులూ దానికి అనుకూలించాయి.

ఇప్పుడు మళ్లీ ఉక్కు పరిశ్రమ ముందు కొత్త దారి తెరుచుకుంటోంది. బొగ్గు బదులు హైడ్రోజన్‌తో ఖనిజం నుంచి ఇనుమును తీసి, కరెంటు కొలిమిలో కరిగించడం. స్వీడన్‌లో హైబ్రిట్ ప్రయోగ ప్లాంటు 2021లో అలా తీసిన ఇనుమును చూపించింది. మన దేశం మాత్రం 2030-31 నాటికి 30 కోట్ల టన్నుల సామర్థ్యానికి చేరాలని 2017 ఉక్కు విధానంలో రాసుకుంది. అందులో పెద్ద భాగం బొగ్గుతో నడిచే బ్లాస్ట్ ఫర్నేస్, కన్వర్టర్ల దారిలోనే సాగుతోంది. ఈ దశాబ్దంలో కట్టే కొలిమి మరో నలభై ఏళ్లు మనతో ఉంటుంది. 1950లలో అమెరికా కంపెనీలు కట్టిన కొత్త ఓపెన్ హార్త్‌ల సంగతి ఇక్కడ తలుచుకోక తప్పదు. స్వీడన్ పద్ధతి ఇంకా పెద్ద ఎత్తున నడిచి చూపలేదన్న మాట నిజమే. ముప్పై టన్నుల లింజ్ కన్వర్టర్ గురించీ అప్పుడు అదే మాట అన్నారు.

లైసెన్సు ఎప్పుడైనా కొనవచ్చు. మనుషుల్ని అలా కొనలేం కాబట్టి నా ఆందోళన అక్కడే ఉంది. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచలో 1980లో ఐక్యరాజ్య సమితి సాయంతో స్పాంజ్ ఐరన్ ఇండియా ప్రయోగాత్మక ప్లాంటు నడిచింది. బొగ్గుతో, ద్రవం కాకుండానే ఇనుమును తీసే పద్ధతిని జర్మనీ లూర్గి కంపెనీ పరిజ్ఞానంతో మన ఇంజనీర్లు అక్కడ పట్టుకున్నారు. తర్వాత దేశమంతటా స్పాంజ్ ఐరన్ కొలుములు లేచి, ఈనాడు ప్రపంచంలో ఆ ఇనుము ఎక్కువగా చేసే దేశం మనదే అయింది. అయితే వాటిలో చాలావరకు అడ్డంగా తిరిగే బొగ్గు గొట్టాలు. హైడ్రోజన్‌కు కావలసింది వాయువుతో నడిచే నిలువు కొలిమి. దాన్ని రోజూ నడుపుతున్న ఇంజనీర్లు గుజరాత్‌లోని హజీరాలో, మహారాష్ట్రలోని డోల్వీలో ఉన్నారు. విశాఖలో అలాంటి కొలిమి చిన్నది కూడా లేదు.